ఇల్లు చూసే ప్రిస్కిల్లా వదినె

మా ప్రిస్కిల్లా వదినె కొత్త ఇంటికి పోతే ముందు మంచినీళ్లు అడుగుతుంది. దాహం ఉన్నా లేకున్నా అడుగుతుంది. నీళ్లు ఎవరు తెస్తున్నారు, తెచ్చే మనిషి ముఖం ఎట్లా ఉంది, ఎవరో సైగ చేస్తే గాని ఆ మనిషి కదలలేదా, ఇవన్నీ ఆమె ఆ ఒక్క గ్లాసులో చూస్తుంది. తాగిన తర్వాత చేతులు కడుక్కుంటానని పెరట్లోకి పోతుంది. గోడ అవతల ఎవరో ఒక ఆడమనిషి ఉంటుంది. "మీ బోరుల నీళ్లు మంచిగొస్తున్నయా అక్కా" అని మొదలుపెడుతుంది. తిరిగి వచ్చేసరికి ఆ ఇంటి సంగతి సగం ఆమె కొంగున ముడేసుకుని వస్తుంది.

లక్సెట్టిపేటలో మా మెథడిస్టు సంఘంలో పిల్లను ఇవ్వాలన్నా తేవాలన్నా ఇల్లు చూసుడుకు వదినె ఉండాలి. ఒకసారి మంథనిలో ఒక సంబంధం చూడబోయాం. మేడ ఇల్లు, ముందర కారు, పిల్లవాడు టీచరు. అందరికీ నచ్చింది. పెద్దపల్లి దాకా బస్సులో నోరు విప్పని వదినె, అక్కడ దిగినాక "వద్దు" అంది.

"ఎందుకక్కా? ఏం తక్కువున్నది?" అన్నాడు పిల్ల తండ్రి రాజయ్య.

"పెద్దకోడలు అందరికి చాయ్ పోసింది. తన చాయ్ మాత్రం గోడ దిక్కు తిరిగి, ఎవలన్న గుంజుకుంటరన్నట్టు తాగింది."

రాజయ్య ఆ సంబంధం వదులుకున్నాడు. ఆ ఇల్లు తర్వాత ఏమైందో మాకు తెలియదు. తెలుసుకోవాలని వదినెకూ లేదు.

అనుమానపు మనిషని ఆమెకు పేరు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా ఒక కన్ను తెరిచి ఉంచుతుందని సండేస్కూలు పిల్లలు నవ్వుకుంటారు. ఆ మాట నిజమే. నేనూ చూశాను.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె తండ్రి, మా మామ మైసయ్య, ఆమెను ఉట్నూర్ వైపు ఇచ్చాడు. ఆ ఇల్లు ఎవరూ చూడలేదు. "మన సంఘపోళ్లే, రోజు ప్రార్థన చేసుకునేటోళ్లే" అని ఒక పెద్దమనిషి చెప్పిన మాట మీద పెళ్లి చేశారు. అక్కడ ప్రార్థన నిజంగానే రోజూ జరిగేది. ప్రార్థన కాగానే అత్త బియ్యం పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకునేది. ఆకలవుతుందంటే ఉపవాసం మంచిదే అనేదట. ఒక పొద్దున వదినె అడవి ఊర్ల నుంచి వచ్చే జీపు ఎక్కి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా వచ్చేసింది. మళ్లీ అటు పోలేదు. ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరి, జుట్టు నెరిసేదాకా అక్కడే చేసింది. ఇదంతా నాకు చెప్పింది ఆమె తమ్ముడు, నా భర్త ప్రేమ్‌చంద్.

ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు. నిరుడు కాదు, అంతకు ముందటి వానకాలంలో పోయాడు. ఆ సంగతి ఇక్కడ ఎక్కువ రాయలేను. అప్పటి నుంచి నాకు మాట తగ్గింది. వదినె రోజూ సాయంత్రం వచ్చి, నేను చెప్పాల్సిన జవాబులు కూడా ఆమే చెప్పి పోతుంది.

మాకు ఒక్కతే బిడ్డ, ఆరాధన. పదో తరగతి పరీక్షలు రాసింది. వాళ్ల బడిలో మమతారాణి టీచర్ చెబితే మధ్యలో విదేశాలకు పిల్లల్ని పంపే ఒక సంస్థ పెట్టిన పరీక్ష కూడా రాసింది. దానిలో ఎంపికయింది. ఒక సంవత్సరం జపాన్‌లో హైస్కూల్లో చదువుకోవచ్చు. ఉండేది హాస్టల్లో కాదు, అక్కడి ఒక కుటుంబంలో, వాళ్ల బిడ్డలాగా.

ఈ మాట వినగానే వదినె చేతిలోని చాయ్ కింద పెట్టింది.

"ఎవలింట్ల?"

"ఇంక తెల్వదత్తమ్మా. సంస్థోళ్లే ఒక ఇల్లు చూస్తరట."

"ఖర్సు?"

"వాళ్లే పెట్టుకుంటరు. స్కాలర్‌షిప్."

"ఊకెనే?"

"ఊకెనే."

"ఊకెనే తీస్కపోయి, తిండి పెట్టి, సదివిచ్చి, మళ్ల తెచ్చి మన గడపల దించుతరు. ఎందుకే? వాళ్లకు పిల్లలు లేరా?"

"ఉన్నోళ్లు గూడ పెట్టుకుంటరట అత్తమ్మా. వేరే దేశం పిల్ల ఇంట్ల ఉంటే మంచిదని."

"ఉన్న పిల్లలు సాలక ఇంకో పిల్లనా! వాళ్లింట్ల తోమేటి బాసాండ్లు ఎన్నున్నయో అడిగినవా?"

ఆరాధన నా వైపు చూసింది. వదినె అడిగిన మాటే నేనూ అడగాలనుకుంటున్నాను. ఊరికే ఎవరైనా ఏదైనా ఎందుకిస్తారు?

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక గుడి మెట్ల దగ్గర సాల్మన్ మమ్మల్ని ఆపాడు. మా సంఘం పిల్లవాడే. గుడిలో కీబోర్డు వాయిస్తాడు. కరీంనగర్‌లో పిల్లల్ని విదేశీ చదువులకు పంపే ఆఫీసు పెట్టుకున్నాడు.

"జపానెందుకాంటీ? భాష రాదు, తిండి పడదు. ఆరాధనను నేను కెనడా పంపుత. హైస్కూల్ అక్కడ్నే, కాలేజి అక్కడ్నే. మన సంఘపోళ్లు మస్తుమంది ఉన్నరు. ప్రేమ్ అంకుల్ బిడ్డంటె నాకు చెల్లె గాదా? మీరేం ఫికర్ వెట్టుకోకుండ్రి."

నాకు ఆ మాట చల్లగా తగిలింది. ప్రేమ్‌చంద్ పేరును ఎవరైనా అంత మామూలుగా పలికి చాలా రోజులైంది. ఆయన పోయినాక వచ్చిన డబ్బు బ్యాంకులో అట్లాగే ఉంది. ముట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. బిడ్డ చదువుకైతే ఆయన వద్దనడు అనుకున్నాను. వదినె మాత్రం "మన సంఘపోళ్లు" అన్న దగ్గర కళ్లు చిన్నవి చేసింది.

మరుసటి వారం ముగ్గురం కరీంనగర్ పోయాం. సాల్మన్ ఆఫీసు చల్లగా, అద్దంలా ఉంది. గోడల నిండా మంచులో నవ్వుతున్న పిల్లల ఫొటోలు.

"గీ పిల్లలు ఎవలు, నువ్వు పంపినోళ్లా?" అంది వదినె.

"అట్లాంటోళ్లే ఆంటీ."

వదినె మంచినీళ్లు అడిగింది. సాల్మన్ బల్ల సొరుగులోంచి ఒక సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఆ సీసాను అటూ ఇటూ తిప్పి, "మూత ఇప్పని నీళ్లల్ల ఏం కనవడ్తది" అని నా చెవిలో అంది.

"సాల్మన్, పిల్ల ఏడ పండుకుంటది?"

"ముందు సీటు ఖాయం చేసుకోవాలె. తర్వాత ఇల్లు అలాట్ చేస్తరు ఆంటీ."

"అంటే ముందుగల పిల్లనియ్యాలె. తర్వాత ఇల్లు చూపెడ్తరు."

"అట్ల గాదాంటీ. అన్నీ చూసుకుంటరు."

"ఎవలు?"

"అక్కడోళ్లు."

"పిల్లకు జరమొస్తే రాత్రి ఎవలు లేస్తరు?"

"ఇన్సూరెన్స్ ఉంటది ఆంటీ."

"ఇన్సూరెన్స్ లేస్తదా బిడ్డా?"

ఆరాధన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. సాల్మన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, "నమ్మకముండాలె ఆంటీ" అన్నాడు.

"నమ్మకం దేవుని మీద వెట్టుకున్న. మనుషుల ఇల్లైతే చూస్త."

బస్సులో నేనే మాట తీశాను. "మంచిగనే మాట్లాడిండు గద వదినె."

"మంచిగనే మాట్లాడిండు" అంది. అంతే. నేను మాత్రం లోపల కెనడాకే మొగ్గాను. ఎవరో తెలియని వాళ్ల కంటే గుడిలో వారం వారం కనిపించే ముఖం నయం కదా అనుకున్నాను.

అప్పుడే మమతారాణి టీచర్ ఫోన్ చేసింది. జపాన్ సంస్థ తరఫున కరీంనగర్ నుంచి అజీజా మేడం అని ఒకామె మా ఇల్లు చూడటానికి వస్తుందట. వదినె మండిపడింది.

"చూసినవా? పిల్లలను ఎత్తుకపొయ్యేటోళ్లే ముందుగల ఇల్లు చూసుకుంటరు. మొగదిక్కు లేని ఇల్లని రాసుకుంటరు."

ఆ రోజు పొద్దున్నే వదినె మా ఇంటికి వచ్చింది. నేను వంటింట్లో ఉండగా బీరువా కింద పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే గడప దగ్గర ప్రేమ్‌చంద్ చెప్పులు ఉన్నాయి. తీగ మీద ఆయన చొక్కా ఆరేసి ఉంది. ఆయన పని నుంచి వచ్చి లోపలికి పోయినట్టే ఉంది.

"ఏం జేస్తున్నవ్ వదినె?"

"ఇంట్ల మొగమనిషి ఉన్నడనుకోవాలె. నువ్వు మాట్లాడకు, నేను చెప్త."

అజీజా మేడం ఎండలో నడుచుకుంటూ వచ్చింది. పెద్దామె. ఆడపిల్లల బడిలో పనిచేసి రిటైరయిందట. గడప దగ్గర ఆగి, ఆ చెప్పులను చూసి, వాటికి కాలు తగలకుండా పక్కనుంచి లోపలికి వచ్చింది.

"ఇంట్ల ఎవరెవరుంటరమ్మా?"

"మొగోళ్లున్నరు. పనికి వోయిండ్రు" అంది వదినె.

"అచ్ఛా" అంది అజీజా మేడం. చెప్పులు వదిలి పనికి ఎట్లా పోయారని అడగలేదు. "జర మంచినీళ్లిస్తరా?" అంది.

ఆరాధన లేచి గ్లాసు కడిగి నీళ్లు తెచ్చింది. మేడం మెల్లగా తాగుతూ ఆరాధననే చూసింది. తర్వాత పిల్ల చదువుకునే మూల చూసింది, పడుకునే చోటు చూసింది. ఏం తింటావు, ఏం తినవు, కోపమొస్తే ఏం చేస్తావు, స్నేహితులెవరు అని అడిగింది. "జర చేతులు కడుక్కుంట" అని పెరట్లోకి పోయింది. గోడ అవతల భూమవ్వ వడియాలు పెడుతోంది. ఇద్దరి మాటలు గుసగుసగా వినిపించాయి.

వదినె నా మోచెయ్యి పట్టుకుంది. "ఏందే గీమె? నా ఎదుర్గనే నా పని చేస్తున్నది!"

మేడం తిరిగి వచ్చి నాతో ఒక్కదానితో మాట్లాడాలంది. వదినె కదలలేదు. ఆరాధనే "రా అత్తమ్మా" అని చెయ్యి పట్టి తీసుకుపోయింది.

"మీ వారి సంగతి టీచరు చెప్పిందమ్మా" అంది మేడం మెల్లగా. "ఒక్క మాట అడుగుత. పిల్ల పోతె మీరు ఒక్కరే అయితరు. ఆ ఫికర్ నెత్తిన వెట్టుకోని పోయిన పిల్ల అక్కడ నిలువదు. అట్లాంటి పిల్లలను నేను చూసిన. మీరు ఎట్లుంటరు?"

నేను ఆమె ముందున్న ఖాళీ గ్లాసు తీసుకున్నాను. ఆమె నన్ను చూసి, "పర్వాలే" అని లేచింది. పోయేటప్పుడు కూడా చెప్పులకు కాలు తగలనివ్వలేదు.

ఆమె వీధి మలుపు తిరగ్గానే వదినె పెరట్లోకి పరుగెత్తింది. వెనకే నేనూ పోయాను.

"భూమవ్వా, ఏమడిగిందే ఆమె?"

"వడియాలల్ల ఏం కలిపినవన్నది. తర్వాత ఆ ఇంట్ల నవ్వుడు ఇనవడ్తదా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"రెండేండ్ల సంది ఇనవడలే అన్న. అబద్ధమెట్ల చెప్పుదు ప్రిస్కిల్లా?"

ఇంక మన పిల్లను తీసుకోరు అనుకున్నాను. అట్లా అనుకోగానే, వాళ్లు తీసుకోవాలని నాకూ ఉందని తెలిసింది. వదినె గోడకు ఆనుకుంది.

"దెబోరా, సాల్మన్ మన పిల్ల గురించి ఒక్క మాట అడిగిండా?"

ఆలోచించాను. పాస్‌పోర్టు ఉందా అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

"పిల్లను అడుక్కుంట వచ్చినోళ్లు పిల్ల గురించి అడగకుంటె, వాళ్లకు కావలసింది పిల్ల గాదు" అంది వదినె. "గీమె అడిగింది. నేనడిగినట్టు అడిగింది. గానీ, మన ఇల్లు వాళ్లు చూసిండ్రు. వాళ్ల ఇల్లు మనం చూడాలె. చూడకుంట నా మేనకోడల్ని పంప."

వారం తర్వాత, కుటుంబం కుదిరిందని అజీజా మేడం ఫోన్ చేసినప్పుడు వదినె అదే చెప్పింది. మేడం నవ్వి, ఒప్పుకునే ముందు వీడియోలో మాట్లాడొచ్చు అంది.

వానలు మొదలైన ఒక పొద్దున మమతారాణి టీచర్ తన కంప్యూటర్ తెచ్చి మా బల్ల మీద పెట్టింది. తెర మీద నొరికో అనే ఆమె, పక్కన భర్త, వెనక బడి బట్టల్లో వాళ్ల అబ్బాయి. అక్కడ చదువుకుంటున్న జమున అనే తెలుగమ్మాయి కూడా వాళ్ల పక్కనే కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతోంది. అందరూ వంగి నమస్కారం పెట్టారు. వదినె తలూపి, పని మొదలుపెట్టింది.

"ఆమెకు మంచినీళ్లు తెచ్చియ్యమను."

"ఎవరికి అత్తమ్మా?" అంది జమున.

"నాకు ఈడికి ఇయ్యరాదు గద. ఆమెకే ఇయ్యమను. ఎవలు తెస్తరో చూడాలె."

జమున ఎట్లా చెప్పిందో గాని, నొరికో నవ్వి ఇంకా ఏమీ అనకముందే భర్త లేచి పోయి గ్లాసు తెచ్చాడు. తేవడంలో సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"చెప్పకముందే లేచిండు" అని వదినె నా చెవిలో అంది. అయినా ముఖం సడలలేదు. "వంటిల్లు చూపెట్టమను. బియ్యం ఏడ పెడ్తరు?"

నొరికో వంటింట్లోకి నడిచి, బల్ల కింద ఒక పెట్టె లాగి మూత తీసింది. నిండా బియ్యం.

"తాళం?"

జమున అడిగింది. నొరికోకు అర్థం కాలేదు. రెండోసారి అడిగించుకుంది. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"బియ్యానికి తాళమెందుకని అడుగుతున్నరు" అంది జమున.

వదినె కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్లలో అట్లా వేయడం అదే మొదలు.

తర్వాత పెరడు చూపించారు. దాని వెనక పచ్చటి పొలం. నాట్లు అప్పటికే అయిపోయాయి, గీత గీసినట్టున్నాయి. "గంత సక్కగ ఎవలేసిండ్రు? మనుషులేనా?" అంది వదినె. యంత్రమని చెబితే "అందుకే" అని అదీ మనసులో పెట్టుకుంది. పక్కింటి ముసలామెను పిలిపించింది. మట్టి చేతులతోనే ఆమె వచ్చింది.

"ఆ ఇంట్ల నవ్వుడు ఇనవడ్తదా?"

ముసలామె చాలాసేపు చెప్పింది. జమున నవ్వుతూ తెలుగులో చెప్పింది. "ఇంటాయన స్నానం చేసుకుంట పాటలు పాడతడట. నవ్వేది ఆ ఇంటోళ్లు కాదట, చుట్టుపక్కలోళ్లట. కుక్క గూడ ఉన్నది, అది మొరుగుడు ఎక్కువట."

చివరికి నొరికో తాను ఒకటి అడగొచ్చా అంది. ఆరాధనకు బాధ కలిగితే ఏం చేస్తుంది? కొత్త ఇంట్లో పిల్ల చెప్పకపోవచ్చు. తమకు ఎట్లా తెలియాలి?

అందరం వదినె వైపు చూశాం. ఎప్పుడూ ఆమే కదా చెప్పేది. ఆమె నోరు మూసుకుని నా వైపు చూసింది. చూస్తూనే ఉంది.

"కడిగిన గిన్నెలే మళ్ల కడుగుతది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అప్పుడు ఏమైందని అడగొద్దు. ఉల్లిగడ్డ కోసియ్యమని పక్కన కూసోబెట్టుకోవాలె. కోసుకుంట కోసుకుంట అదే చెప్తది. వాళ్ల బాపు... వాళ్ల బాపు గట్లనే చేసేటోడు."

జమున చెప్పింది. నొరికో ఒక కాగితం తెచ్చి రాసుకుంది. ఆరాధన నా భుజం మీద తల పెట్టింది.

తెర ఆరిపోయాక వదినె అంది, "ఇల్లు పర్వాలేదు." ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు. "ఆ కుక్క సంగతే జర చూడాలె."

ఆ ఆదివారం సాల్మన్‌తో నేనే చెప్పాను, కెనడా వద్దని. "తెల్వనోళ్ల చేతుల పెడ్తున్నరాంటీ" అన్నాడు. "వాళ్లు తెలుసుకున్నంకనే పిల్లను అడిగిండ్రు బిడ్డా" అన్నాను. అతను కీబోర్డు సర్దుకోవడానికి పోయాడు.

ఆగస్టులో ఆరాధన పోయింది. మరుసటి సాయంత్రం వదినె వచ్చి, గడపలో ప్రేమ్‌చంద్ చెప్పుల పక్కన తన చెప్పులు విడిచింది. మేడం వచ్చిన రోజు నుంచి ఆయన చెప్పులను మేము లోపల పెట్టనే లేదు. వదినె లోపలికి వచ్చి కూర్చుంది.

"మంచినీళ్లియ్యి."

మా ఇంట్లో ఆమె ఎప్పుడూ అడిగి తాగలేదు. కుండ దగ్గరికి తానే పోయి ముంచుకునేది. నేను గ్లాసు కడిగి తెచ్చాను. ఆమె నీళ్లను చూడలేదు, నన్నే చూసింది. తాగి, చేతులు కడుక్కుంటానని పెరట్లోకి పోయింది. గోడ దగ్గర మాటలు వినిపించాయి.

తిరిగి వచ్చాక అడిగాను. "ఏమన్నది భూమవ్వ?"

"నవ్వుడు ఇనవడలే అన్నది. ఏడ్సుడు గూడ ఇనవడలేదన్నది. గదే నాకు మంచిగనిపియ్యలే."

మర్నాడు పొద్దున్నే ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో బియ్యం సంచితో వచ్చింది. నన్ను అడగలేదు. వంటింట్లోకి పోయి తన బియ్యం మా బియ్యం డబ్బాలో పోసింది. మూత పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పి, అనుమానంగా నా వైపు చూసింది.

"దీనికి తాళమేమన్న ఉన్నదా పిల్లా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుదామనుకున్నాను, ఆగలేదు. ఆమె కూడా మొదలుపెట్టింది.

గోడ అవతల చీపురు చప్పుడు ఆగింది. "ఎవలే గా ఇంట్ల?" అని అరిచింది భూమవ్వ.